ఒకే గది, నాలుగు తరగతులు: ఐర్లండ్ ప్రాథమిక పాఠశాలలో బోధనాభ్యాసం

నమస్కారం. అమెరికాలోనో బ్రిటన్‌లోనో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న మన విద్యార్థి ఎవరైనా, బోధనాభ్యాసానికి ఐర్లండ్ వెళ్తున్నామని చెబితే, వినేవారు దాదాపు ఒకే మాట అంటారు: "అక్కడ అందరూ ఇంగ్లీషే మాట్లాడతారు కదా, ఇబ్బందేముంది?" ఈ మాట వినీ వినీ నాకు విసుగు పుట్టింది. ఆ మాట నమ్మి వెళ్లిన ఛాత్రోపాధ్యాయులు మొదటి వారమంతా అయోమయంలో గడుపుతారు. బోధనాభ్యాసం అంటే ఏమిటో, పాఠ్య పథకం ఎలా రాయాలో ఈ వీడియో చూసేవారికి తెలుసు కనుక, నేరుగా అక్కడి తరగతి గదిలోకి వెళదాం.

[తెరపై: ఐర్లండ్ పటం, పశ్చిమ తీరంలోని కౌంటీలు]

ఐర్లండ్‌లో ప్రాథమిక విద్య ఎనిమిదేళ్లు సాగుతుంది. మొదట జూనియర్ ఇన్‌ఫంట్స్, తరువాత సీనియర్ ఇన్‌ఫంట్స్, ఆపైన ఒకటి నుంచి ఆరు తరగతులు. చట్టం ప్రకారం ఆరేళ్లు నిండిన పిల్లలకే చదువు తప్పనిసరి అయినా, ఎక్కువమంది నాలుగైదేళ్లకే బడిలో చేరిపోతారు. మేయో, డొనెగల్, కెర్రీ వంటి కౌంటీల పల్లెల్లో ఇద్దరే ఉపాధ్యాయులున్న బడులు నేటికీ నడుస్తున్నాయి. అలాంటి బడిలో ఎనిమిది తరగతులను రెండు గదులుగా పంచుకుంటారు. సాధారణంగా మొదటి గదిలో జూనియర్, సీనియర్ ఇన్‌ఫంట్స్‌వారూ, ఒకటి, రెండు తరగతులవారూ కూర్చుంటే, మూడు నుంచి ఆరు వరకు రెండో గదిలో ఉంటారు. ఇద్దరిలో ఒకరు ప్రధానోపాధ్యాయ బాధ్యత మోస్తూనే పాఠాలు కూడా చెబుతారు.

ఆ మొదటి గదిని మనసులో నిలుపుకోండి, ఎందుకంటే ఈ వీడియో అంతా ఆ గదిలోనే తిరుగుతాను. నాలుగేళ్ల పిల్లవాడు, ఎనిమిదేళ్ల అమ్మాయి ఒకే కప్పు కింద ఉన్నారు. మీరు విజ్ఞాన శాస్త్రం చెప్పాలి. నాలుగు తరగతులకు నాలుగు పాఠాలు విడివిడిగా చెప్పబోతే ఒక్కొక్కరికి పది నిమిషాలు కూడా మిగలవు. అందుకే అక్కడి ఉపాధ్యాయులు అంశం ఒక్కటే తీసుకుని, లోతును మాత్రం తరగతిని బట్టి మారుస్తారు. ఉదాహరణకు, నీటిలో తేలేవి, మునిగేవి అనే అంశం తీసుకుందాం.

[తెరపై: నీళ్ల తొట్టి, బెండు ముక్క, రాయి, నారింజ పండు]

గది మధ్యలో ఒక నీళ్ల తొట్టి పెట్టండి. జూనియర్ ఇన్‌ఫంట్స్ వస్తువులను నీటిలో వేసి, ఏం జరిగిందో నోటితో చెబితే చాలు. సీనియర్ ఇన్‌ఫంట్స్ తేలినవాటిని ఒక పక్కకు, మునిగినవాటిని మరో పక్కకు వేరుచేస్తారు. ఒకటో తరగతివారు వస్తువును నీటిలో వేయకముందే ఏమవుతుందో ఊహించి, తరువాత సరిచూసుకుంటారు. రెండో తరగతివారికి అసలైన చిక్కు ప్రశ్న ఇస్తారు: తొక్క ఉన్న నారింజ తేలుతుంది, తొక్క తీస్తే మునుగుతుంది, ఎందుకు? వారు తమ వివరణను బొమ్మ గీసి, రెండు వాక్యాల్లో రాయాలి. తొట్టి ఒక్కటే, నీళ్లు అవే, కానీ నాలుగు తరగతులు నాలుగు పనుల్లో ఉన్నాయి. పెద్ద పిల్లలు రాసుకుంటున్నంతసేపూ మీరు చిన్నవారి దగ్గర కూర్చోగలుగుతారు. ఎవరు ఎప్పుడు మీ సహాయం లేకుండా పనిచేయగలరో ముందుగా నిర్ణయించుకోవడమే ఈ పాఠ్య పథకంలో ప్రాణమని నా అభిప్రాయం.

ఇక్కడ మన రాష్ట్రాల ప్రస్తావన తప్పదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఏకోపాధ్యాయ పాఠశాలలు మనకు కొత్త కాదు, కానీ వాటిని మనం లోటుగానే చూస్తాం. మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ గ్రామీణ విద్యా కేంద్రం వివిధ తరగతుల పిల్లలు కలిసి కూర్చుని ఎవరి వేగంతో వారు నేర్చుకునేలా కార్డులు రూపొందించింది; ఆ పద్ధతి తమిళనాడు ప్రభుత్వ పాఠశాలల దాకా వెళ్లింది. ఐర్లండ్ వెళ్లే తెలుగు ఛాత్రోపాధ్యాయులు ముందుగా ఆ కార్డులను పరిశీలిస్తే, అక్కడి గది అంత కొత్తగా అనిపించదని గట్టిగా నమ్ముతున్నాను.

మళ్లీ మన గదికి వద్దాం. గోడ మీది గడియారం కూడా మీ పథకాన్ని మారుస్తుంది. ఇన్‌ఫంట్స్‌ను మిగతావారికంటే ఒక గంట ముందే ఇంటికి పంపవచ్చు కనుక, చాలా బడుల్లో చివరి గంటకు మీ ముందు నాలుగు తరగతులకు బదులు రెండే మిగులుతాయి. నిశ్శబ్దంగా చేయించాల్సిన చదువును, లెక్కలను ఆ గంటకు దాచుకోవాలి. నీళ్ల తొట్టిని మాత్రం ఉదయమే పెట్టాలి. పాఠ్యపుస్తకం వెనక దాక్కునే వీలు కూడా లేదు. ప్రభుత్వం అందరికీ ఒకే పుస్తకం అచ్చువేసి ఇవ్వదు. పాఠ్యప్రణాళిక లక్ష్యాలను చెబుతుంది, పుస్తకాలను బడి ఎంచుకుంటుంది. పాఠాన్ని మలచుకునే స్వేచ్ఛ ఉపాధ్యాయునికి ఎక్కువ, బాధ్యత కూడా అంతే ఎక్కువ.

ఇక ఇంగ్లీషు వస్తే చాలన్న మాట సంగతి. ప్రతి ప్రాథమిక బడిలో ఐరిష్ భాష ఒక బోధనాంశం. గేల్‌టాక్ట్ అనే ఐరిష్ మాట్లాడే ప్రాంతాల్లోనూ, గేల్‌స్కోల్ అనే ఐరిష్ మాధ్యమం బడుల్లోనూ ఇంగ్లీషు పాఠం తప్ప చదువు ప్రధానంగా ఐరిష్‌లోనే సాగుతుంది. మామూలు బడిలో కూడా ఆ పాఠం వచ్చేసరికి విదేశీ ఛాత్రోపాధ్యాయులు పక్కకు తప్పుకోవాలి, తరగతి ఉపాధ్యాయురాలే చెబుతారు. ఆ సమయాన్ని విరామం అనుకోకండి. ఇంట్లో వినని భాషను నాలుగేళ్ల పిల్లలకు ఆటలతో, పాటలతో ఎలా నోటికి తెప్పిస్తారో చూడటం ఏ పాఠ్యపుస్తకమూ నేర్పని విద్య.

మతం సంగతి కూడా తెలిసి ఉండాలి. పది బడుల్లో దాదాపు తొమ్మిది కాథలిక్ చర్చి నిర్వహణలో ఉన్నాయి, జీతాలు మాత్రం ప్రభుత్వమే ఇస్తుంది. మన గదిలోని రెండో తరగతి పిల్లలే తొలి కమ్యూనియన్ అనే కాథలిక్ సంస్కారం స్వీకరించేవారు కనుక, వసంతకాలంలో వెళితే ఆ సన్నాహాలకు మీ కాలపట్టిక సర్దుకోక తప్పదు. ఏ ఒక్క మతానికీ చెందని ఎడ్యుకేట్ టుగెదర్ అనే సంస్థ బడుల్లో ఈ సన్నాహం బడి వేళల్లో ఉండదు.

సమయం అయిపోతోంది, మిగిలినవి త్వరగా చెబుతాను. గార్డా వెట్టింగ్, అంటే పోలీసు పరిశీలన, పూర్తికాకుండా ఏ బడీ మిమ్మల్ని పిల్లల దగ్గరకు రానివ్వకూడదు. 2012 నాటి చట్టం దీన్ని తప్పనిసరి చేసింది. దానికి వారాలు పట్టవచ్చు, కాబట్టి విమానం టికెట్టుకన్నా ముందు ఆ దరఖాస్తు పెట్టండి. పిల్లల భద్రత గురించి అనుమానం కలిగితే మీరే విచారణ మొదలుపెట్టకుండా, అందుకు బడి నియమించిన వ్యక్తికి వెంటనే చెప్పండి; చాలాచోట్ల ఆ వ్యక్తి ప్రధానోపాధ్యాయులే. పిల్లల ఫొటోలు అనుమతి లేకుండా తీయకండి.

చివరిగా, ఈ అభ్యాసం మీ సొంత విశ్వవిద్యాలయపు పట్టాకు లెక్కకు వస్తుందే తప్ప, ఐర్లండ్‌లో ఉద్యోగార్హత ఇవ్వదు. అక్కడ ఉద్యోగం చేయాలంటే టీచింగ్ కౌన్సిల్‌లో నమోదు కావాలి, ప్రాథమిక ఉపాధ్యాయులైతే ఐరిష్ భాషా అర్హత కూడా సాధించాలి. ఆ నమోదు ప్రక్రియను తరువాతి వీడియోలో వివరిస్తాను.