వేరే గడప తొక్కించే లింకు

(కడపలో ఇంజనీరింగ్ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, అధ్యాపకులకు, వెనక నిలబడిన పిల్లలకు నమస్కారం. నన్ను ఉద్యోగావకాశాల గురించి మాట్లాడమన్నారు. ముందు నా మనసులో బరువు కాస్త దించుకోనివ్వండి.

నేను పనిచేసిన ఒక చిన్న కంపెనీలో తోటలకు డ్రిప్ నీళ్ళు వదిలే సాఫ్ట్‌వేర్ పైథాన్‌లో రాసేవాళ్ళం. కోడ్‌లో రాసిన వివరణలు తీసుకుని, వాడేవాళ్ళు చదువుకునే పేజీలు, అంటే డాక్యుమెంటేషన్, స్ఫింక్స్ అనే టూలు తయారుచేసేది. రీసెట్ అనే ఫంక్షన్లు రెండుండేవి. ఒకటి వాల్వును మొదటి స్థితికి తెస్తుంది. రెండోది దాచిన రీడింగులన్నీ తుడిచేస్తుంది. వాల్వు పేజీలో 'రీసెట్ చూడండి' అని నొక్కితే ఈ రెండోదే తెరుచుకునేది. అక్కడున్న వివరణ ఒకటే లైను: 'అన్నీ మొదటికి తెస్తుంది.'

ప్రొద్దుటూరు నుంచి కొత్తగా చేరిన అమ్మాయి ఆ లైను కిందున్న ఉదాహరణను పొల్లు పోకుండా నోటుబుక్కులో ఎక్కించుకుని, అలాగే నడిపింది. ఒక సీజన్ రీడింగులు పోయాయి. మీటింగులో అందరూ "చూసుకోవద్దామ్మా?" అన్నారు. చూసుకునే చేసింది! ఆ మాట అక్కడ ఎవరూ అనలేదు. నేనూ అనలేదు. నెల తిరక్కుండా ఆ అమ్మాయి మానేసింది.

తర్వాత పాత బిల్డ్ లాగ్, అంటే డాక్యుమెంటేషన్ తయారయ్యేటప్పుడు వచ్చిన మెసేజీల చిట్టా, తీసి చూశాను. ఆ లింకు రాసింది నేనే. రీసెట్ ముందు చుక్క పెట్టి వదిలేశాను. అలా రాస్తే, సరిగ్గా అదే పేరు దొరక్కపోతే, ఆ మాటతో ముగిసే పేర్లన్నీ స్ఫింక్స్ వెతుకుతుంది. రెండు దొరికితే ఒకదానికి అతికించి, ఒకటికి మించి దొరికాయని వార్నింగ్ ఇస్తుంది. ఇచ్చింది కూడా, లాగ్‌లో ఉంది. బిల్డ్ పాసైంది కదా అని నేను చదవలేదు.

తెగిన లింకైతే మనిషి ఆగి ఎవరినైనా అడుగుతాడు. ఇది తెగలేదు. స్ఫింక్స్‌లో లింకులు పరీక్షించే లింక్‌చెక్ నడిపినా దొరికేది కాదు, అది బయటి చిరునామాలు తెరుచుకుంటున్నాయా అనే చూస్తుంది.

కాబట్టి లింకు రాసేటప్పుడు మాడ్యూలు, క్లాసు కలిపి పూర్తి పేరు రాయండి. పొడుగనిపిస్తే ముందు టిల్డె (~) గుర్తు పెట్టండి, పేజీలో చివరి మాటే కనిపిస్తుంది. బిల్డ్‌కు మైనస్ చిన్న ఎన్ (-n) ఇస్తే దిక్కులేని రిఫరెన్సులు, అంటే ఏ పేజీకీ చేరని లింకులు, బయటపడతాయి. మైనస్ పెద్ద డబ్ల్యూ (-W) ఇస్తే వార్నింగులన్నీ ఎర్రర్లవుతాయి. ఇలాంటిదే ఇంకో టూలు డాక్సిజన్‌లో తంటా వేరు: మామూలు వాక్యంలో రాసిన మాట ఏదైనా క్లాసు పేరుతో కలిస్తే దానంతటదే లింకైపోతుంది. ముందు పర్సెంట్ గుర్తు పెడితే ఆగుతుంది.

ఈ ఊళ్ళో నిలబడి బ్రౌన్ దొర పేరు తలవకుండా దిగలేను. 1820లో కడపకు వచ్చాడు. ఇక్కడే బంగళా కొని, పండితులకు జీతాలిచ్చి, ఒకే కావ్యం ప్రతులు పక్కపక్కన పెట్టించి పాఠభేదాలు సరిచూయించాడు. ఆ చోటే ఇప్పుడు గ్రంథాలయం. మీలో ఎందరు వెళ్ళారు? చేతులెత్తండి. ఇంతేనా! ఈ ఆదివారం వెళ్ళిరండి నాయనా, ఊళ్ళోనే ఉంది.

ఉద్యోగాల సంగతికి టైము మిగల్లేదు, క్షమించండి. ల్యాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్ళు ముందు వరుసలోకి రండి. మీ ప్రాజెక్టు డాక్యుమెంటేషన్ ఇప్పుడే బిల్డ్ చేయండి, మొదటి వార్నింగ్ కలిసి చదువుదాం.