కీళ్ళ దగ్గర ఆగని బాధ

సభకు నమస్కారం. కూచిపూడి పుట్టిన గడ్డకు దగ్గరలో, వీధికొక నాట్య శిక్షణాలయం ఉన్న విజయవాడలో ఈ మాట చెప్పడం అవసరమని నాకు అనిపించింది. ఎటు వంచితే అటు వంగే పిల్లను చూసి మనం మురిసిపోతాం. అలా వంగే వాళ్ళలో ఎక్కువమంది పూర్తి ఆరోగ్యంగానే ఉంటారు. కానీ కొందరిలో కీళ్ళ సడలింపుతో పాటు నొప్పులు, గుండె దడ, కడుపు ఉబ్బరం, తీరని నీరసం కూడా కనిపిస్తాయి. వాటిని ఒకచోట చేర్చి చూసేవారు లేక ఆ మనుషులు ఏళ్ళ తరబడి ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటారు.

కీళ్ళను పట్టి ఉంచే స్నాయువులకు బలాన్నిచ్చేది కొల్లాజెన్ అనే మాంసకృత్తు. అది చర్మంలోనూ, రక్తనాళాల గోడల్లోనూ, పేగుల్లోనూ, మూత్రాశయంలోనూ ఉంది. అందుచేత దాని అమరికలో లోపం వస్తే బాధ మోకాలి దగ్గరే ఆగిపోవాలన్న నియమమేమీ లేదు. ఈ కోవలోని ఎహ్లర్స్-డాన్లోస్ సిండ్రోమ్‌ను 2017 నాటి అంతర్జాతీయ వర్గీకరణ 13 రకాలుగా విభజించింది. వాటిలో ఎక్కువగా కనిపించేది కీళ్ళు అతిగా వంగే రకమే. దానికి కారణమైన జన్యువు ఇంతవరకు నిర్ధారణ కాలేదు కనుక, జన్యు పరీక్ష మామూలుగా వచ్చినంత మాత్రాన జబ్బు లేదనడానికి వీల్లేదు. రోగిని స్వయంగా పరీక్షించి తేల్చవలసిందే.

అన్నిటికంటే ఎక్కువగా అపార్థానికి గురయ్యేది నిలబడితే వచ్చే బాధ. మనం లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి దిగుతుంది. మామూలుగా రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి పంపుతాయి. ఆ సర్దుబాటు సరిగా జరగనివారిలో, రక్తపోటు పెద్దగా పడిపోకుండానే, నిలబడిన 10 నిమిషాల లోపల గుండె వేగం నిమిషానికి 30 సార్లకు పైగా పెరిగి అలాగే ఉంటుంది. 12 నుంచి 19 ఏళ్ళ వారికి ఈ హద్దు 40. దీన్నే పాట్స్ అంటారు. మే నెలలో ఇంద్రకీలాద్రి మీద క్యూలో నిలబడిన అమ్మాయికి కళ్ళు తిరిగితే ఎండదెబ్బ అనుకుంటాం. అదే అమ్మాయికి పొద్దున స్నానాల గదిలోనూ, బడి ప్రార్థనలోనూ అలాగే అవుతుంటే మాత్రం ఎండను తప్పుపట్టి ఊరుకోకూడదు. కాసేపు పడుకోబెట్టి నాడి చూసి, తరువాత నిలబెట్టి నిమిషనిమిషానికీ నాడి, రక్తపోటు రాసుకుంటే చాలు, అనుమానించవలసిన విషయం కాగితం మీదికి వచ్చేస్తుంది. ఇందుకు ఖరీదైన యంత్రాలు అక్కరలేదు.

ఇక కడుపు సంగతి. రెండు ముద్దలకే పొట్ట నిండిపోవడం, పుల్లతేన్పులు, మలబద్ధకం వీరిలో తరచుగా ఉంటాయి. పన్ను పీకేటప్పుడు మత్తు ఇంజెక్షన్ సరిగా పట్టకపోవడం, చిన్న తాకిడికే చర్మం కమిలిపోవడం కూడా కొందరు చెబుతారు. ఇవన్నీ వేరువేరు విభాగాల ఫైళ్ళలో ఉండిపోతాయి. ఒకరు గ్యాస్ అంటారు, ఒకరు నరాల బలహీనత అంటారు, చివరికి రిపోర్టులన్నీ నార్మల్ కనుక మనసులోనే ఉందంటారు. ఆందోళన వీరిలో నిజంగానే ఎక్కువ. అయితే దడకు కారణం వెతకకుండా దడనే ఆందోళన అనడం వైద్యం కాదు, అన్యాయం.

జబ్బును మొత్తంగా తీసేసే మందు లేదు గాని బాధ తగ్గించే మార్గాలున్నాయి. కీలు చుట్టూ ఉన్న కండరాన్ని మెల్లగా, నెలల తరబడి బలపరిచే వ్యాయామం ప్రధానం. పాట్స్ ఉన్నవారికి నీళ్ళు, ఉప్పు పెంచడం, కాళ్ళను నొక్కి పట్టే మేజోళ్ళు వేసుకోవడం మేలు చేస్తాయి; బీపీ, కిడ్నీ జబ్బులున్నవారు మాత్రం వైద్యుణ్ణి అడగకుండా ఉప్పు జోలికి పోకూడదు. నాట్య గురువులకు నా మనవి ఒకటే: ఇప్పటికే అతిగా వంగే పిల్లను ఇంకా వంచకండి, ఆమెకు కావలసింది పట్టు. కుటుంబంలో చిన్న వయసులోనే రక్తనాళం చిట్లి ఎవరైనా పోయి ఉంటే, అది ప్రమాదకరమైన వేరే రకం కావచ్చు కనుక వెంటనే నిపుణులకు చూపించండి.

వైద్య మిత్రులు ఓపీలో ఐదు ప్రశ్నలు అడగగలరు. మోకాళ్ళు వంచకుండా అరచేతులు నేలకు ఆనించగలరా, లేదా ఒకప్పుడు ఆనించేవారా? బొటనవేలు ముంజేతికి తాకేదా? చిన్నప్పుడు ఒళ్ళు వింతగా మెలితిప్పి స్నేహితులకు చూపించేవారా? భుజమో మోకాలిచిప్పో ఒకసారికి మించి తొలిగిందా? మీ కీళ్ళు మామూలు కంటే ఎక్కువ వంగుతాయని మీకే అనిపిస్తుందా? రెండింటికి అవునన్నా, ఆ గ్యాస్ ఫైలునూ, ఆ దడ ఫైలునూ పక్కపక్కన పెట్టి చదవండి.