ఆ ఒక్క ఓటు పలాసకి ఎందుకు వేశాను

అందరికీ నమస్కారం.

మొన్న మన విజయనగరంలో జరిగిన ర్యాప్ బ్యాటిల్‌కి, అంటే ఇద్దరు ఎదురెదురుగా నిలబడి ప్రాసలతో మాటకి మాట విసురుకునే పోటీకి, ముగ్గురు జడ్జిల్లో నేనొకణ్ణి. ఫలితం రెండుకి ఒకటి. చీపురుపల్లి అబ్బాయి గెలిచాడు, పలాస అబ్బాయి ఓడిపోయాడు. ఓడిన అబ్బాయికి పడిన ఆ ఒక్క ఓటు నాది. ఎందుకు వేశానో చెప్పమని మీలో చాలామంది అడిగారు. తీర్పు ఇచ్చినవాడు కారణం కూడా నలుగురిలో చెప్పాలని నా నమ్మకం. అందుకే వచ్చాను.

నేను తెలుగు పాఠాలు చెప్పినవాణ్ణి, అవధానాల్లో పృచ్ఛకుడిగా, అంటే అవధానిని ప్రశ్నలడిగేవాడిగా, కూర్చున్నవాణ్ణి. ర్యాప్‌కి నన్నెందుకు పిలిచారని మొదట సందేహించాను. తర్వాత చదివి తెలుసుకున్నాను. 1981లో న్యూయార్క్‌లోని హార్లెమ్ వరల్డ్ అనే క్లబ్బులో బిజీ బీ, కూల్ మో డీ అనే ఇద్దరు ర్యాపర్లు తలపడ్డారు. బిజీ బీ జనాన్ని ఊపేయడంలో దిట్ట. కూల్ మో డీ ఆ ఊపు జోలికి పోకుండా ఎదుటివాడి మాటల్నే పట్టుకుని ఒక్కొక్కటీ విప్పేశాడు. బ్యాటిల్ ర్యాప్ గురించి మాట్లాడేవాళ్లు ఈనాటికీ ఆ రాత్రిని తలుచుకుంటారు. హాలు హోరెత్తడం వేరు, మాట తగలడం వేరు. ఈ తేడా నాకు అవధాన సభల్లోనే తెలుసు. కాబట్టి ధైర్యం చేసి కూర్చున్నాను.

మన పోటీలో ఒక్కొక్కరికి మూడు రౌండ్లు, రౌండుకి 90 సెకన్లు. బీట్ లేదు, వట్టి గొంతే. టాస్ ఓడి పలాస అబ్బాయి ప్రతి రౌండూ ముందు చెప్పాల్సి వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. వెనక చెప్పేవాడికి జవాబిచ్చే అవకాశం మూడుసార్లు వస్తుంది, ముందు చెప్పేవాడికి రెండేసార్లు. పైగా ముందు నాలుగు వరసలూ చీపురుపల్లి అబ్బాయి క్లాస్‌మేట్లే. పలాస అబ్బాయి పాసింజర్ బండిలో ఒక్కడే వచ్చాడు. అందుకే ప్రతి రౌండు అయ్యాక కాగితం మీద రాసుకున్న తర్వాతే తలెత్తి జనాన్ని చూశాను.

మొదటి రౌండు పలాసది. అందులో మా ముగ్గురికీ తేడా రాలేదు. వాడు అన్న ఈ రెండు పాదాలు వినండి:

పలాస జీడిపిక్కని, పైపైన నిమిరి పోకు
పెంకు పంట కొరికావా, పెదవి మిగలదు నీకు

జీడిపిక్క పెంకులో ఉండే నూనె తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. పిక్కలు ఒలిచే ఆడవాళ్ల వేళ్లు చూసినవాడే రాయగల మాట ఇది. ప అక్షరం ఎన్నిసార్లు వచ్చిందో చూడండి. వాడికి యతి గురించి ఎవరూ చెప్పలేదట, చెవికి బాగుందని పెట్టుకున్నాడట. యతి పుట్టింది కూడా చెవి కోసమే కదా!

రెండో రౌండులో పలాస అబ్బాయి అందరూ ఎదురుచూసే చోటే కొట్టాడు. ‘పేరులోనే చీపురు, స్టేజీ ఊడ్చి బయల్దేరు’ అన్నాడు. అవతలివాడు తన వంతు రాగానే, ‘చీపురు నాదే తమ్ముడూ, చెత్త మాత్రం నువ్వే తెచ్చావు’ అని అందుకున్నాడు. హాలు లేచి నిలబడింది. నాకూ నవ్వొచ్చింది. కానీ ఒక ప్రశ్న కూడా వచ్చింది. చీపురుపల్లిలో పుట్టినవాడికి ఆ వెక్కిరింత చిన్నప్పటి నుంచి అలవాటే. జవాబు ఇంటి దగ్గరే సిద్ధం చేసుకుని ఉండొచ్చు. సిద్ధం చేసుకోవడం తప్పు కాదు. అమెరికాలో పెద్ద లీగుల్లో కూడా ఎక్కువ భాగం ముందే రాసి, బట్టీ పట్టి వచ్చేదే. అందుకని చమత్కారానికి పూర్తి మార్కులు వేశాను. అప్పటికప్పుడు పుట్టిందని అదనంగా మాత్రం వెయ్యలేదు. నా పక్కనున్న జడ్జి వేశారు. ఆయన లెక్క ఆయనది.

అదే రౌండులో చీపురుపల్లి అబ్బాయి ఇంకో మాట అన్నాడు. ‘పలాస అని అరుస్తావే, దాని ప్రాసేంటో చెప్పవే... వలస!’ రెండో అక్షరమూ కలిసింది, చివరి అక్షరమూ కలిసింది. ప్రాసగా చూస్తే ఆ రాత్రికి అంతకంటే నిండైనది లేదు. అయినా ఒక్క చప్పట్టు లేదు. ఎందుకు ఉంటుంది? శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరు తీసుకున్నా, బేల్దారి పనికి హైదరాబాద్‌కో చెన్నైకో, చేపల వేటకి గుజరాత్‌లోని వీరావల్‌కో పోయినవాళ్లున్న ఇళ్లు కనిపిస్తాయి. హాల్లో సగం మందికి ఆ మాట సొంత ఇంట్లో తగిలింది. ఫౌల్ ఇవ్వాలని ఒకరు నా చెవిలో అన్నారు. కులం, ఒంటి రంగు, తల్లులు, అక్కచెల్లెళ్ల జోలికి పోకూడదని నియమం. వలస ఆ జాబితాలో లేదు. మాట కరుకైనది, నిజమే. కానీ ఎదుటివాడికి జవాబు చెప్పే దారి మూసెయ్యలేదు. నేను లెక్కలోకి తీసుకున్నాను. ఆ రౌండు చీపురుపల్లికే ఇచ్చాను.

ఇక మూడోది. పలాస అబ్బాయి రాసుకొచ్చిన రౌండు మొదలుపెట్టి, నాలుగు పాదాలు చెప్పి ఆపేశాడు. ఎదుటివాడి కళ్లలోకి చూస్తూ, నెమ్మదిగా అన్నాడు:

వలసే మాది, దాచను, హైదరాబాద్ మేడలు చూడు
మా నాన్న మోసిన ఇటుకల్లోనే మీ అన్న కాపురమున్నాడు

ఇది రాసుకొచ్చింది కాదు. వలస అన్న మాట పడి అప్పటికి రెండు నిమిషాలు కూడా కాలేదు. హాలంతా అరిచింది, ముందు వరసల్లో కూర్చున్న చీపురుపల్లి పిల్లలు కూడా. ఆ అరుపు సద్దుమణిగేసరికి వాడు తన పాఠంలోకి తిరిగి వెళ్లలేకపోయాడు. పెదాలు కదిలాయి, మాట రాలేదు. ర్యాపర్లు దీన్ని చోక్ అంటారు. ఆరు సెకన్లు ఆగి, దొరికిన రెండు ముక్కలు చెప్పి, టైమ్ మిగిలి ఉండగానే మైక్ దించేశాడు.

చీపురుపల్లి అబ్బాయి వచ్చి ఒక్క తడబాటు లేకుండా మొత్తం రౌండు అప్పజెప్పాడు. గొంతు, ఊపిరి, నడక అన్నీ కుదిరాయి. కానీ ఆ ఇటుకల మాటకి జవాబు చెప్పలేదు. అసలు విననట్టే దాటిపోయాడు.

అవధానంలో ధార అనీ, ధారణ అనీ రెండుంటాయి. అడగ్గానే పద్యం పుట్టడం ధార. చెప్పినదంతా చివర్లో తిరిగి అప్పజెప్పడం ధారణ. ధారణ తప్పిన అవధానిని సభ పూర్తిగా ఒప్పుకోదు. మిగతా ఇద్దరు జడ్జిలూ ఆ న్యాయమే పాటించారు, వాళ్లని నేను తప్పు పట్టను. కానీ నా లెక్క ఇది. ఆ అబ్బాయి ధారణ ఎందుకు తప్పింది? ధార కోసం తప్పింది. మీద పడిన మాటని వదిలేసి రాసుకున్నది చదివి ఉంటే వాడూ తడబడేవాడు కాదు. బ్యాటిల్ అంటే ఇద్దరి మధ్య నడిచేది. మూడో రౌండులో ఎదుటివాడితో మాట్లాడింది ఒక్కడే. నా ఓటు వాడికి వేశాను.

వీడియో చూశాక మనసు మార్చుకుంటారా అని అడిగారు. మార్చుకోను. ఫోన్‌లో చూసేవాడికి ఆ ఆరు సెకన్లు చాలా పొడుగ్గా కనిపిస్తాయి, ‘వలస’ తర్వాత వచ్చిన నిశ్శబ్దం మాత్రం సగం కూడా వినపడదు. హాల్లో విన్నదానికి హాల్లోనే తీర్పు.

పోటీ అయ్యాక పలాస అబ్బాయి వచ్చి, ‘మిగతా ఇద్దరూ నాకెందుకు వెయ్యలేదు సార్?’ అని అడిగాడు. వాళ్ల కారణం ఉన్నదున్నట్టు చెప్పాను. ‘మరైతే పక్కకెళ్లినోడు తిరిగెలా రావాలి?’ అన్నాడు. మన ఉత్తరాంధ్రలో పాడుతూ చెప్పే జముకుల కథలో కథకుడికి వంతలు ఉంటారు. వాళ్లు వంత పాడే ఆ కాసేపట్లో అతను ఊపిరి పీల్చుకుని, తర్వాతి మాట గుర్తు చేసుకుంటాడు. నీకు వంత లేరు కాబట్టి, తిరిగి రావడానికి ప్రతి రౌండుకీ ఒక పాదం ముందే కట్టుకో, అది నోటికి దానంతటదే రావాలి అని చెప్పాను. సరేనని స్టేషన్‌కి వెళ్లిపోయాడు.

గంట తర్వాత వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనకాల రైలు చప్పుడు.

‘పక్క లైన్‌కి పోయొచ్చా, పట్టాల మీదే ఉంది బండి. ఇది సరిపోద్దా సార్?’