మన స్టోరీల్లో ఎవరు మాట్లాడుతున్నారు? సోర్స్ ఆడిట్ షీట్ చేద్దాం రండి

హలో అండీ, నమస్కారం. అమెరికాలో లోకల్ పేపర్లలో, రేడియోల్లో పనిచేసే మన తెలుగు రిపోర్టర్లు, జర్నలిజం చదివే పిల్లలు అడుగుతున్నారు, సోర్స్ ఆడిట్ ఎలా చెయ్యాలి అని. ఇవాళ అదే. స్క్రీన్ కనిపిస్తోందా? ఆగండి, కొంచెం జూమ్ చేస్తా... ఆ, ఇప్పుడు సరే.

బ్రహ్మవిద్యేం కాదు. పోయిన నెల మన స్టోరీల్లో ఎవరెవరు మాట్లాడారో, వాళ్లలో ఏ జాతివాళ్లు ఎందరో లెక్కపెట్టడం, అంతే.

ఎందుకంటారా? 1967లో అమెరికా నగరాల్లో జరిగిన జాతి అల్లర్ల తర్వాత ప్రెసిడెంట్ జాన్సన్ వేసిన కెర్నర్ కమిషన్ 1968లోనే చెప్పింది: వార్తల ఉద్యోగాల్లో నల్లజాతివాళ్లు 5 శాతం లోపు, ఎడిటర్ల స్థాయిలో 1 శాతం లోపు. 1978లో అమెరికా పత్రికల ఎడిటర్ల సంఘం, మైనారిటీలు జనాభాలో ఎంత శాతముంటే న్యూస్‌రూముల్లోనూ అంత, 2000 కల్లా చేస్తామంది. 2000 రాకముందే గడువుని 2025కి జరిపేశారు! సరే, ఉద్యోగాలివ్వడం మన చేతిలో లేదు. ఎవరికి ఫోన్ చేస్తామో, అది మాత్రం మన చేతిలోదే.

గూగుల్ షీట్స్‌లో కొత్త షీట్. తేదీ, స్టోరీ, సోర్స్ పేరు, పాత్ర. ఇదిగో, ఇలా. తేదీకి కంట్రోల్, సెమీకోలన్ కొట్టండి, ఇవాళ్టి తేదీ పడిపోతుంది. నాకు మౌస్ ముట్టుకోవడం ఇష్టం ఉండదు, ఏం చేస్తాం. పాత్రకి డ్రాప్‌డౌన్: అధికారి, నిపుణులు, బాధితులు, దారినపోయేవాళ్లు. అయిపోయింది.

ఇప్పుడు జాతి కాలమ్. ఇక్కడ ఆగుదాం, ఇక్కడే నేను బోల్తా పడ్డాను. మొదటిసారి పేర్లు చూసి నేనే నింపేశా. స్పానిష్ ఇంటిపేరున్న ఒకాయన్ని లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్నాయన, అని రాసేశా. తీరా చూస్తే ఆయన ఫిలిప్పీన్స్ ఆయన. ఆ దేశాన్ని స్పెయిన్ మూడొందల ఏళ్లకి పైగా ఏలింది, అక్కడ ఆ ఇంటిపేర్లు మామూలే! లీ అంటే చైనీసా, కొరియనా? మరి సినిమా డైరెక్టర్ స్పైక్ లీ? ఆయన నల్లజాతాయన. అంచనా వెయ్యొద్దు. అడగండి. ఇంటర్వ్యూ అయ్యాక, చివర్లో: "మా వార్తల్లో ఎవరి మాట వస్తోందో లెక్క చూసుకుంటున్నాం, మీరు మిమ్మల్ని ఏమని చెప్పుకుంటారు? చెప్పకపోయినా పర్లేదు." అందర్నీ అడగాలి, తెల్లవాళ్లని కూడా. మొహం చూసి కొందర్నే అడిగితే అదింకో తలనొప్పి. "చెప్పలేదు" అని ఒక కాలమ్ పెట్టండి, ఖాళీగా మాత్రం వదలొద్దు. ఖాళీ అంటే అడగలేదని.

ఇంకోటి, జాతికి డ్రాప్‌డౌన్ వద్దు, ఒక్కో వర్గానికి ఒక్కో చెక్‌బాక్స్ కాలమ్ పెట్టండి. 2024 మార్చిలో ఫెడరల్ ప్రభుత్వం జాతి వర్గాలు మార్చింది. ఇప్పుడు 7. అంతకుముందు వేరే ప్రశ్నగా ఉన్న లాటినో జాతి ప్రశ్నలోకే వచ్చింది, మధ్యప్రాచ్యం, ఉత్తర ఆఫ్రికా వాళ్లకి వేరే గడి. ఒకరు ఎన్నయినా టిక్ పెట్టుకోవచ్చు. అందుకే మొత్తం 100 శాతం దాటొచ్చు, కంగారుపడకండి, గుండ్రటి పై చార్ట్ మాత్రం వెయ్యకండి.

లెక్కకి కౌంట్‌ఇఫ్స్ ఫార్ములా, మనం చెప్పిన షరతులన్నీ సరిపోయిన వరసల్ని లెక్కపెడుతుంది: పాత్ర కాలమ్, "నిపుణులు", ఈ చెక్‌బాక్స్ కాలమ్, ట్రూ. ఎంటర్. మిగతా పాత్రలకీ, వర్గాలకీ ఇలాగే... చూశారా? ఇవి డెమో పేర్లే లెండి. నల్లజాతివాళ్లు 9 మంది, బాగానే ఉంది అనిపిస్తుంది. పాత్ర చూడండి: 8 మంది బాధితులు, నిపుణులు ఒక్కరు! మొత్తం అంకె ఒక్కటే చూస్తే ఇది దొరకదు. ఏడవడానికి ఒకళ్లు, వివరించడానికి ఇంకొకళ్లు. నా మొదటి షీట్లోనూ ఇదే కథ.

మేయర్‌ని లెక్కలో వెయ్యాలా? బీబీసీలో 50:50 అని ఇలా లెక్కపెట్టే ప్రాజెక్ట్ 2017లో మొదలైంది, మొదట ఆడవాళ్ల లెక్క, తర్వాత జాతి కూడా. వాళ్ల పద్ధతి, మనం ఎంచుకోగలిగినవాళ్లనే లెక్కపెట్టడం. మేయర్‌ని మనం మార్చలేం కదా. నేనూ అంతే చేస్తా.

షీట్ లింక్ కింద ఉంది. ఫైల్, మేక్ ఎ కాపీ కొట్టండి. రిక్వెస్ట్ యాక్సెస్ కొట్టకండి బాబూ, నా మెయిల్ నిండిపోతోంది.