ఈస్ట్ రివర్ పార్క్ రివ్యూ: కరకట్ట వచ్చింది, నీడ పోయింది

నమస్తే అండీ. నేనిప్పుడు న్యూయార్క్‌లో, మన్‌హటన్ తూర్పు ఒడ్డున ఉన్న ఈస్ట్ రివర్ పార్క్‌లో ఉన్నాను. వెనక కనిపిస్తున్నది విలియమ్స్‌బర్గ్ వంతెన. జెర్సీ సిటీ నుంచి పాత్ రైల్లో 14వ వీధికి వచ్చి, ఎఫ్ రైలు మారి, డిలాన్సీ స్ట్రీట్‌లో దిగి నడిచాం. హైదరాబాద్ నుంచి వచ్చిన మా అమ్మ కూడా నాతో ఉంది. పార్కులోకి అడుగుపెట్టగానే అమ్మ అడిగిన మొదటి మాట, "కాసేపు కూర్చుందామంటే నీడ ఏదిరా?"

ఇదిగో, కెమెరా దగ్గరికి తెస్తున్నాను చూడండి. కొత్తగా నాటిన చెట్టు. కాండం మొదలు చుట్టూ ఆకుపచ్చ సంచి కట్టి ఉంది. దాన్నిండా నీళ్లు పోస్తే, అడుగున ఉన్న చిల్లుల్లోంచి బొట్టుబొట్టుగా వేళ్లకు దిగుతాయి. శ్రద్ధగానే చూసుకుంటున్నారు. కానీ అమ్మ ఆ కాండాన్ని రెండు చేతులతో పట్టుకుంటే చేతివేళ్లు కలిసిపోయాయి. ఈ పార్క్ 1939లో తెరిచారు. మొన్నమొన్నటి వరకు ఇక్కడ 80 ఏళ్ల వయసున్న చెట్లు ఉండేవి.

అసలు ఏం జరిగిందంటే, 2012 అక్టోబర్ 29న శాండీ తుఫాను వచ్చింది. ఈస్ట్ రివర్ పేరుకే నది, నిజానికి ఇది ఆటుపోట్లున్న సముద్రపు పాయ. ఆ రాత్రి నీళ్లు ఒడ్డు దాటి వీధుల్లోకి వచ్చేశాయి. 14వ వీధి దగ్గర కరెంటు సబ్‌స్టేషన్ పేలి, దక్షిణ మన్‌హటన్ చీకటైపోయింది. పార్క్ పక్కనే పోయే ఎఫ్‌డీఆర్ హైవే అవతల కనిపిస్తున్న ఆ అపార్ట్‌మెంట్లు, బరూక్ హౌసెస్, లిలియన్ వాల్డ్ హౌసెస్, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ల కోసం ప్రభుత్వం కట్టించినవి. వాళ్లకు ఈ పార్కే పెరడు. వాళ్ల ఇళ్లకు కరకట్ట కావాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు.

నా బాధంతా ఆ కట్ట ఎక్కడ వేశారన్న దాని గురించే. స్థానికులతో ఏళ్ల తరబడి కూర్చుని వేసిన మొదటి ప్లాన్‌లో, ఎఫ్‌డీఆర్ హైవే పక్కనే గట్టు వచ్చేది. పార్క్ ఆ గట్టుకు నదివైపే ఉండిపోయేది. వరదొస్తే మునుగుతుంది, నీళ్లు తగ్గాక తేరుకుంటుంది. 2018లో నగర ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి, పార్క్ మొత్తాన్నీ సుమారు 8 అడుగుల మేర మట్టితో ఎత్తు చేస్తామంది. హైవే లేన్లు మూసే పని తగ్గుతుందని, పక్కనున్న హైవోల్టేజ్ లైన్ల జోలికి పెద్దగా వెళ్లక్కర్లేదని, పని త్వరగా అవుతుందని చెప్పింది. ఉప్పునీళ్లలో పదేపదే మునిగితే ఆ చెట్లు ఎలాగూ దెబ్బతింటాయని కూడా అంది. ఇవేవీ కొట్టిపారేసే కారణాలు కావు. కానీ ఖర్చు 76 కోట్ల డాలర్ల నుంచి 145 కోట్లకు పెరిగింది. కొట్టేయాల్సిన చెట్లు 991 అని తేలింది.

చెట్టుకు తిండీ నీళ్లూ అందించే సన్నవేళ్లు ఎక్కువగా పై రెండడుగుల మట్టిలోనే ఉంటాయి. వాటికి గాలి ఆడాలి. మీద 8 అడుగుల మట్టి పోస్తే ఊపిరాడక చెట్టు చచ్చిపోతుంది. రంపాలు 2021 డిసెంబర్‌లో వచ్చాయి గానీ, ఆ చెట్ల సంగతి డ్రాయింగ్ మారిన రోజే తేలిపోయింది.

బాగున్నవి కూడా చెప్పాలి. డిలాన్సీ దగ్గర కొత్త వంతెన వాలుగా ఉంది, మోకాళ్ల నొప్పులున్న అమ్మ కూడా ఆగకుండా వచ్చేసింది. మొత్తం సుమారు 4 కిలోమీటర్ల ప్రాజెక్టులో 18 వరద గేట్లు పెట్టారు. మామూలు రోజుల్లో తెరిచి ఉంటాయి, తుఫాను వస్తుందంటే మూసేస్తారు. ఒడ్డును గోడతో పూర్తిగా మూసేయకుండా ఇలా చేయడం నాకు బాగా నచ్చింది. మొదట పార్కంతా ఒకేసారి మూసేయాలనుకున్నారు. జనం పోరాడితేనే 2019లో దశలవారీగా చేస్తామని ఒప్పుకున్నారు. పోయిన చెట్ల స్థానంలో దాదాపు 1,800 నాటుతున్నారు, ఉప్పుగాలికి తట్టుకునే రకాలు చూసి మరీ. లెక్కలో చూస్తే రెట్టింపుకు దగ్గర. కానీ ఎదుటి బిల్డింగ్‌లోని పదేళ్ల పిల్లాడికి వీటి కింద మంచి నీడ దొరికేసరికి వాడికి ముప్పై దాటుతాయి. ఆ ఇరవై ఏళ్ల ఎండ ఏ లెక్కలోనూ లేదు.

ఇది చూస్తూ అమ్మ అఫ్జల్‌గంజ్ చింతచెట్టును గుర్తుచేసింది. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరదలో, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న ఆ చెట్టెక్కి సుమారు 150 మంది బతికారు. ఇప్పుడు మూసీ ఒడ్డును మార్చే ప్లాన్లు నడుస్తున్నాయి. ఆ డ్రాయింగ్‌లు గీసేవాళ్లు ఎవరైనా ఈ వీడియో చూస్తుంటే, దయచేసి ముందు ఒడ్డంతా నడవండి. ఒక్కో చెట్టు చుట్టుకొలత రాసుకోండి. దాన్ని మ్యాప్ మీద పెట్టుకుని, ఆ తర్వాతే మొదటి గీత గీయండి.

నా మార్కులు: వరద నుంచి కాపాడే పనికి 10కి 9, నీడకు 10కి 1. దక్షిణ భాగం 2025లో తెరిచారు, టెన్నిస్ కోర్టులు కూడా అక్కడే. వేసవిలో వచ్చేవాళ్లు ఉదయం పది లోపే రండి. పెద్దవాళ్లు వెంట ఉంటే గొడుగు, నీళ్ల సీసా మర్చిపోకండి. మేం ఇప్పుడు ఆ విలియమ్స్‌బర్గ్ వంతెన కిందికి వెళ్తున్నాం. కాస్త నీడ అక్కడే ఉంది.