షోరూమ్ ముందు కాదు, వెనక చూడండి

అందరికీ నమస్కారం. కార్ల చరిత్ర అనగానే ఇంజిన్లు, ఫ్యాక్టరీలు, హెన్రీ ఫోర్డ్, ఇవే మాట్లాడుకుంటాం. తాళాలు మన చేతిలో పెట్టి కారు అమ్మినవాడి ఊసు ఎవరూ ఎత్తరు. ఇవాళ నేను మాట్లాడేది వాళ్ల గురించే, అందులోనూ తాత మొదలుపెట్టిన డీలర్‌షిప్‌ను కొడుకు, ఆ తర్వాత మనవలు నడుపుకుంటూ వచ్చిన కుటుంబాల గురించి.

అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని సెయింట్ క్లౌడ్‌లో స్టీఫెన్ టెన్‌వూర్డ్ అనే ఆయన 1903 మార్చిలో ఫోర్డ్ కార్లు అమ్మడానికి ఒప్పందం రాసుకున్నాడు. తమాషా ఏంటంటే, ఫోర్డ్ మోటార్ కంపెనీ రిజిస్టర్ అయింది అదే ఏడాది జూన్‌లో. అంటే కంపెనీ కంటే ముందు డీలర్ పుట్టాడు! వందేళ్లు దాటాక కూడా ఆ డీలర్‌షిప్‌ను ఆ కుటుంబమే నడిపింది.

ఆ రోజుల్లో ఈ వ్యాపారంలోకి దిగినవాళ్లలో సైకిల్ షాపులవాళ్లు, కమ్మరులు, గుర్రపు బగ్గీలు అమ్మేవాళ్లు చాలామంది. ఎందుకంటే కారు అమ్మేస్తే పని అయిపోదు, కొన్నవాడికి నడపడం నేర్పాలి, దారిలో ఆగిపోతే వెళ్లి బాగుచేయాలి, స్పేర్ పార్టు దొరక్కపోతే కొలిమిలో తయారుచేయాలి. అందుకే నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, ఈ కుటుంబాలను తరతరాలుగా నిలబెట్టింది ముందున్న అద్దాల షోరూమ్ కాదు, వెనకాల నూనె మరకలతో ఉండే వర్క్‌షాప్.

నమ్మకం కుదరకపోతే 1942 చూడండి. రెండో ప్రపంచ యుద్ధం కోసం ఆ ఫిబ్రవరిలో అమెరికాలో మామూలు జనం కొనే కార్ల తయారీ మొత్తం ఆపేశారు. ఫ్యాక్టరీలు ట్యాంకులూ విమానాలూ చేస్తున్నాయి, టైర్లకు రేషన్, పెట్రోలుకు రేషన్. కార్లు అమ్మేవాడికి అమ్మడానికి కార్లే లేకపోతే ఏం చేస్తాడు? కొత్త కారు దొరకనివాడు పాతదాన్నే నడపాలి కదా, ఆ పాతవాటిని రిపేరు చేసి, సెకండ్ హ్యాండ్ బండ్లు కొని అమ్మి నెట్టుకొచ్చారు. మెకానిక్కుల్లో ఎంతోమంది యుద్ధానికి వెళ్లిపోయారు, ఓనర్లే చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగాల్సి వచ్చింది. అమ్మకాల మీదే బతికినవాళ్లలో ఎందరో దుకాణం కట్టేశారు.

ఇక ఈ వ్యాపారంలో అసలు టెన్షన్ ఎక్కడుందో చెబుతాను. స్థలం డీలర్‌ది, బిల్డింగు డీలర్‌ది, అప్పు డీలర్‌ది, గుమ్మం మీద పేరు మాత్రం కంపెనీది. షోరూమ్‌లో తళతళలాడే ఆ కార్లు ఎక్కువగా బ్యాంకు అప్పుతో తెచ్చినవే, అమ్ముడుపోకుండా నిలబడ్డ ప్రతిరోజూ వడ్డీ నడుస్తూనే ఉంటుంది. నెలాఖరున సేల్స్‌మ్యాన్ అంత ప్రేమగా ఫోన్ చేస్తాడే, దాని వెనక ఉన్నది ఇదీ, టార్గెటూ.

1920 చివర్లో ఏమైందంటే, మార్కెట్ పడిపోయింది, హెన్రీ ఫోర్డ్ అప్పులు తీర్చాల్సిన గడువు దగ్గరపడింది. ఆయన డీలర్లు అడక్కపోయినా కార్లను రైళ్లలో ఎక్కించి పంపేశాడు. డబ్బు కట్టి దించుకో, లేదంటే డీలర్‌షిప్ వదులుకో! వాళ్లు ఊళ్లోని బ్యాంకులకు పరిగెత్తి అప్పు తెచ్చి కట్టారు. ఆయన నెత్తిన ఉన్న అప్పు కాస్తా అలా వేల డీలర్ల నెత్తికి మారింది. ఎంత గొప్పవాడైనా కానీ, నా దృష్టిలో ఇది దౌర్జన్యమే. 1956లో, కంపెనీ చిత్తశుద్ధి లేకుండా ప్రవర్తిస్తే డీలర్ కోర్టుకెక్కడానికి వీలుగా అమెరికాలో చట్టం వచ్చింది.

చట్టం ఉన్నా ఆగనివి ఉంటాయి. 2009లో అమెరికా కార్ల కంపెనీ క్రైస్లర్ దివాలా తీసినప్పుడు 789 డీలర్‌షిప్‌లను రద్దు చేసింది. మే నెల మధ్యలో ఉత్తరాలు, జూన్ 9కి అంతా క్లోజ్. రెండు మూడు తరాల వ్యాపారానికి మిగిలిన గడువు నాలుగు వారాలు! ఇండియాలోనూ చూశాం, 2017లో జనరల్ మోటార్స్ అమ్మకాలు ఆపేసింది, 2021లో ఫోర్డ్ ఇక్కడ తయారీ మానేస్తానని ప్రకటించింది. కంపెనీ దేశం వదిలి వెళ్లగలదు, కుటుంబం ఎక్కడికి వెళుతుంది? గడువు ముగిశాక కూడా అంతో ఇంతో తట్టుకున్నవాళ్లలో సర్వీస్ పని చేతిలో ఉన్నవాళ్లే ముందుంటారు, బోర్డు తీసేసినా ఆ పాత కార్లు రోడ్డు మీద తిరుగుతూనే ఉంటాయి కాబట్టి.

వారసత్వం సంగతి రెండు ముక్కల్లో. కొడుక్కో కూతురికో రాసిచ్చేస్తే చాలదు, మామూలుగా ఒప్పందం ప్రకారం కంపెనీ కూడా ఒప్పుకోవాలి. పైగా ఊరు పెరిగి స్థలం విలువ వ్యాపారాన్ని మించిపోతే అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు అమ్మేద్దామనే అంటారు.

ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు వచ్చాయి. ఇంజిన్ ఆయిల్ మార్చక్కర్లేదు, స్పార్క్ ప్లగ్గులు లేవు, అంటే నేను ఇంతసేపూ పొగిడిన వర్క్‌షాప్‌కే పని తగ్గుతోంది. టెస్లా అయితే డీలర్లే లేకుండా నేరుగా అమ్ముతోంది, దాని మీద అమెరికా రాష్ట్రాల్లో డీలర్ల సంఘాలు ఏళ్ల తరబడి పోరాడుతున్నాయి. టైర్లు, సస్పెన్షన్, యాక్సిడెంట్ రిపేర్లు, బ్యాటరీ పరీక్షలు మాత్రం ఎటూ పోవు. ఆ పని నేర్చుకుని, ఆ పరికరాల మీద ఇప్పుడే డబ్బు పెట్టే కుటుంబాలు ఇంకో తరం నడుస్తాయని నా అంచనా. షోరూమ్‌కి కొత్త అద్దాలు బిగించుకుంటున్న వాళ్ల మీద నాకంత ధీమా లేదు. ఇక మీ ప్రశ్నలు అడగండి.