రుద్దినా పోని నలుపు

శ్రోతలకు నమస్కారం. నేను చెన్నైలో చర్మవ్యాధుల డాక్టర్ని. మెడ నల్లబడిందని నా దగ్గరికి రోజూ ఎవరో ఒకరు వస్తారు. ఎక్కువమందికి కారణం బరువో, షుగరో. కాబట్టి నలుపు కనబడగానే టెన్షన్ పడకండి.

కానీ వాషర్‌మెన్‌పేట నుంచి వచ్చిన ఒకావిడ నాకు ఎప్పుడూ గుర్తొస్తుంది. "పండక్కి ఆయనకి తలంటుతుంటే చూశానండీ. సున్నిపిండితో ఎంత రుద్దినా మెడ మీద మట్టి పోవట్లేదు" అంటూ భర్తను వెంటబెట్టుకొచ్చింది. సన్నటి మనిషి. యాభై దాటాయి, షుగర్ లేదు. రెండు నెలల్లోనే మెడ, చంకలు నల్లబడి, ముట్టుకుంటే ముఖమల్ గుడ్డలా మందంగా తగిలాయి. అరచేతులు చూపించమన్నాను. గీతలు లోతుగా దిగిపోయి, వాటి మధ్య చర్మం ఉబ్బి, కడిగిన మేక పొట్ట లోపలి పొరలా గరుకుగా ఉంది. అన్నం సరిగ్గా తింటున్నారా అని అడిగితే, "నాలుగు ముద్దలకే చాలంటున్నారండీ" అని ఆవిడే చెప్పింది. క్రీము రాయలేదు, ఎండోస్కోపీ రాశాను. జీర్ణాశయంలో క్యాన్సర్ బయటపడింది. ఆ గడ్డ నుంచి వచ్చే పదార్థాలే చర్మాన్ని అలా మందంగా పెంచుతాయి. అది మట్టి అయితే కదా రుద్దితే పోవడానికి!

ఇలాంటివి ముందు పట్టుకునేది ఒళ్లు కడిగే చేతులే. అమెరికాలోని రోచెస్టర్‌లో సిస్టర్ మేరీ జోసెఫ్ అనే నర్సు ఉండేవారు. ఆపరేషన్‌కు ముందు రోగుల పొట్ట శుభ్రం చేస్తుంటే, కొందరికి బొడ్డు దగ్గర గట్టి గడ్డ తగిలేది. అలాంటివాళ్ల కడుపులో క్యాన్సర్ పాకి ఉంటోందని ఆమె గమనించి, డాక్టర్ విలియం మేయోకు చెప్పారు. 1949లో హామిల్టన్ బెయిలీ అనే సర్జన్ ఆ గడ్డకు ఆమె పేరే పెట్టారు. ఆ నర్సంటే నాకెంతో గౌరవం.

ఇంకొకటి. కనురెప్పల మీద వంగపువ్వు రంగు, వేళ్ల కణుపుల మీద ఎర్రటి పొక్కులు, జడ వేసుకుందామంటే చేతులు పైకి లేవవు, కుర్చీలోంచి లేవాలంటే ఆసరా కావాలి. ఎండకు కమిలిందిలే అని ఊరుకోవద్దు. ఇది కండరాల జబ్బు. పెద్దవాళ్లలో కొందరికి దీని వెనక అండాశయంలోనో, ఊపిరితిత్తుల్లోనో క్యాన్సర్ ఉంటుంది. అందుకే వెతుకుతాం. వెతికితే చాలామందిలో ఏమీ ఉండదు కూడా.

డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు, ఏ పెళ్లిలోనో తీసిన పాత ఫొటో ఒకటి ఫోన్లో చూసి పెట్టుకోండి. నలుపు చిన్నప్పటి నుంచీ ఉందా, మొన్నమొన్నే వచ్చిందా అన్నది మేం అడిగే మొదటి ప్రశ్న.